గ్యాలరీ మళ్ళీ కడతారట

టాలిస్ బ్లఫ్, అలబామా
మార్చి 11, 1974

అన్నయ్యా,

నీ మోకాలు ఎలా ఉంది? డాక్టరు ఇచ్చిన తైలం రాసుకుంటున్నావా, లేక అలమరలో పెట్టి చూసుకుంటున్నావా? నేను బాగానే ఉన్నాను. బాగానే అంటే ఒంటికి. మనసుకి మాత్రం నిన్నటినుంచి డోకు వస్తోంది.

నిన్న ఆరాధన అయ్యి బయటికి వస్తుంటే చర్చి మెట్ల దగ్గర పొడుగాటి కారు ఆగింది. అందులోంచి ఆష్‌బోరో పురాతన కట్టడాల సంఘం ఆడవాళ్ళు దిగారు. అందరికీ ముందు మిస్ యూలలీ లాండ్రమ్. ఈ ఎండలో చేతులకు తెల్ల తొడుగులు! పైకి చూసి, గుండెమీద చెయ్యి వేసుకుని, "మా సెయింట్ బార్నబస్!" అంది, చర్చి పాత పేరు పెట్టి. గుమ్మంమీద న్యూ జోర్డాన్ బాప్టిస్టు సంఘం అని ఇంతింత అక్షరాల బల్ల ఉంది. అది ఆవిడ కంటికి ఆనలేదు. నేను కనిపించాను.

"ఏమ్మాయ్, ఇక్కడ ఊడ్చేది నువ్వేనా?" అంది.

"ఊడుస్తాను, పాడతాను, ఆదివారం బడిలో పాఠం చెప్తాను. తమరెవరు?" అన్నాను. నలభై దాటిన విధవరాలిని ఏమ్మాయ్ అంటే ఇంకెలా మాట్లాడాలి?

సంగతేమిటంటే, మన చర్చిని పలక పలకగా విప్పి ఆష్‌బోరో తీసుకుపోయి, అక్కడి పార్కులో "అంతర్యుద్ధానికి ముందు ఎలా ఉండేదో అలా" నిలబెడతారట. బదులుగా మనకు హైవే పక్కన ఇటుకల చర్చి కట్టిస్తారట. ఆవిడ దగ్గర అచ్చేసిన చిన్న చరిత్ర పుస్తకం ఉంది. ఒకటి నా చేతిలో పెట్టింది. కల్నల్ లాండ్రమ్ ఈ ఆలయాన్ని నిర్మించాడట. బిషప్పు స్టీమరులో వచ్చి ప్రతిష్ఠ చేశాడట. ఎపిస్కోపల్ సంఘపు తెల్ల కుటుంబాల పట్టు గౌన్లు మెట్లమీద గలగలలాడేవట. యుద్ధం తర్వాత నది వ్యాపారం పోయి, రైలు వేరే దారిన పోయి, ఆ కుటుంబాలన్నీ వెళ్ళిపోతే బిషప్పు తాళం వేశాడట. ఆ తర్వాత ఒకే ఒక్క వాక్యం: "అటుపైన భవనం చిరకాలం దిక్కులేనిదై పడి ఉన్నది."

దిక్కులేనిది! అన్నయ్యా, నీకు బాప్తిస్మం ఇచ్చింది ఎక్కడ? నాకు పెళ్ళయింది ఎక్కడ? అమ్మ శవపేటిక పెట్టింది ఎక్కడ?

ప్రసంగం చెప్పే పల్పిట్ దగ్గర నేల పలకలెత్తి మన బాప్తిస్మపు తొట్టి చూసి ఆవిడ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది, చచ్చిన ఎలుకను చూసినట్టు. తర్వాత వెనక గోడవైపు తిరిగి, "ఇక్కడ గ్యాలరీ ఉండేది. ఎంత అందంగా ఉండేదో! దాన్ని మళ్ళీ కడతాం," అంది. గ్యాలరీ అంటే తెలుసుగా, బయటి మెట్లమీదుగా బానిసలైన మనవాళ్ళని ఎక్కించి, కింద కూర్చున్న దొరల తలలు చూస్తూ ప్రార్థన చెయ్యమన్న చోటు. వదలగొట్టుకున్న ఆ మురికిని వీళ్ళు కొత్త చెక్కతో మళ్ళీ చేయిస్తారట.

మన పాస్టరు బాస్కమ్ గారు ఆవిడ పక్కన చేతులు నలుపుకుంటూ పళ్ళికిలించాడు. ఇటుకల చర్చి అన్న మాట ఆయన చెవిలో పడిపోయింది మరి.

గేలార్డ్ ఇంటికి పెద్దవాడివి నువ్వు. సంఘానికి గట్టిగా ఒక ఉత్తరం రాయి. నీ మాటంటే ఇక్కడ ఇంకా గౌరవం ఉంది.

నీ చెల్లెలు,
డెల్ఫీన్

*

డెట్రాయిట్
మార్చి 24, 1974

చెల్లీ,

తైలం రాస్తున్నాను. కంపు కొడుతోంది. మేడమీది ఆయన కుక్క కూడా నన్ను చూసి పక్కకి తప్పుకుంటోంది. ఫౌండ్రీలో ఇన్నేళ్ళు కాలిన ఇనుప వాసన పీల్చాక ఇదొక లెక్కా అనుకున్నాను గాని, లెక్కే.

ఇక్కడ ఇంకా మంచు కరగలేదు. వీధి పక్కన నల్లగా, ఉమ్మేసినట్టు పడి ఉంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లాండ్రమ్ వాళ్ళ సంగతి నాకు కొత్త కాదు. ఆ కొంప గురించి నువ్వు అంత మనసు పాడుచేసుకోకు. వానాకాలంలో కారుతుంది, ఎండాకాలంలో ఉడికిస్తుంది. చెక్క అన్నాక ఒకరోజు పోవలసిందే.

పాస్టరుకి ఉత్తరం రాస్తాను. అడిగావు కాబట్టి తప్పకుండా రాస్తాను.

వేళకి తిను.

లెమ్యూల్

*

టాలిస్ బ్లఫ్
ఏప్రిల్ 4, 1974

అన్నయ్యా,

రాస్తానన్నావు, నా సగం బరువు దిగింది. "కొంప" అని తిట్టడం నీ అలవాటేలే. ప్రేమ ఉన్నచోటే నీ నోరు చెడ్డది.

ఉత్తరంలో మన ముత్తాత ఎఫ్రాయిమ్ పేరు తప్పకుండా రాయి. కల్నల్ కట్టించాడు, ఎఫ్రాయిమ్ కట్టాడు. ఆ పుస్తకంలో ఈ రెండు మాటలకీ తేడా లేదు. కప్పు కింద ఆ దూలాలన్నీ ఆయన చెక్కినవే. ఆ నిట్టనిలువు పలకలు, కోసుగా పైకి పోయే కిటికీలు ఆయన రంపం కిందివే. తన పిల్లలు ఎక్కాల్సిన గ్యాలరీ మెట్లు కూడా ఆయన చేతే చేయించారు. బానిసత్వం పోయాక మనవాళ్ళంతా ఒక్కసారిగా ఎపిస్కోపల్ సంఘాన్ని వదిలి పొదల్లో ఆకుపందిరి వేసుకుని ప్రార్థన చేసుకున్నారట. ఖాళీ గ్యాలరీ కళ్ళముందు ఉంటే దొరలకి చిన్నతనంగా ఉండి కోయించేశారు. ఇవన్నీ నాయనమ్మ చెప్పిందే, నీకు నాకంటే బాగా తెలుసు.

బిషప్పు తాళం వేసి పోయాక అందులో ఉన్నది పట్టు గౌన్లు కాదు, మేకలు. మనవాళ్ళు కొనేనాటికి పెంట మోకాలెత్తు ఉండేదని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! అప్పటికి నేను పుట్టలేదు. నువ్వూ, ట్రెస్సీ అక్కా బాల్చీలు మోశారట కదా. అమ్మ బూడిదనీళ్ళతో నేలంతా రుద్ది రుద్ది చేతులు పగిలిపోతే, కప్పుకి కట్టిన పిచుక గూళ్ళు దులపడానికి ట్రెస్సీ అక్క దూలాలమీద నడిచిందట. బర్మింగ్‌హామ్‌లో జ్వరం మింగకపోయి ఉంటే ఇవాళ అక్క ఆ యూలలీ చేతితొడుగులు ఊడదీసి పంపేది.

పాస్టరు గారు కొత్త చర్చి బొమ్మ అట్టముక్కలతో చేయించి బల్లమీద పెట్టాడు. నేలంతా నారింజరంగు తివాచీ. చల్లగాలి యంత్రం. బాప్తిస్మపు తొట్టికి నీలం పలకలు, ఈతకొలనులా. జనం దాని చుట్టూ మూగి లొట్టలు వేస్తున్నారు. నిన్నటిదాకా ఇదే మా కానాను, దేవుడిచ్చిన నేల అని పాడిన నోళ్ళే. చూస్తుంటే ఏవగింపు కలుగుతోంది.

చర్చి ఇవ్వాలా వద్దా అని మే నెలలో ఓటు. నీ ఉత్తరం అప్పటికి అందాలి.

డెల్ఫీన్

*

టాలిస్ బ్లఫ్
మే 20, 1974

లెమ్యూల్ గేలార్డ్ గారికి,

తమరి ఉత్తరం నిన్న పల్పిట్ మీదనుంచి చదివారు. నేను ముందు వరసలో కూర్చున్నాను, మా అన్నయ్య ఉత్తరం వినండి అని పక్కవాళ్ళకి చెప్పి మరీ.

"ఆ భవనాన్ని ఎవరు తీసుకుపోయినా నాకు అభ్యంతరం లేదు. నేలమట్టమైనా బాధ లేదు. అందులో నాకు ఎప్పుడూ ఊపిరాడలేదు." పాస్టరు రెండుసార్లు చదివాడు, వెనకవాళ్ళకి వినపడలేదేమోనని. ఆ తర్వాత ఇంక ఓటెందుకు? ఒక్కసారిగా చెయ్యెత్తారు అందరూ. సంఘపెద్ద డీకన్ పూల్ అయితే, "గేలార్డ్ పెద్దోడే ఒద్దంటుంటే ఇంక మనకెందుకమ్మా అంత ఇది!" అన్నాడు, నోట్లో పిప్పరమెంటు బిళ్ళ ఇటునుంచి అటు తోసుకుంటూ.

ఊపిరాడలేదా? మన అమ్మ చేతులు పగిలిన నేలమీద తమరికి ఊపిరాడలేదా? డెట్రాయిట్ పొగగొట్టాల కింద మాత్రం బాగా ఆడుతోంది కాబోలు. మిస్ యూలలీ నిన్న సాయంత్రం పాస్టరుకి పండ్ల బుట్ట పంపింది. తమరికీ ఒకటి పంపమని చెప్పమంటారా?

నాకు ఆవిడంటే అసహ్యం. పాస్టరంటే అసహ్యం. తమరి గురించి రాయడానికి మాట దొరకడం లేదు.

డెల్ఫీన్

*

డెట్రాయిట్
జూన్ 9, 1974

చెల్లీ,

"తమరు" అని రాశావు.

నేను ఆ ఉత్తరం పాస్టరుకి రాసింది, సంఘానికి కాదు. అయినా రాసిందాంట్లో ఒక్క మాట వెనక్కి తీసుకోను. ఎందుకో చెప్తాను. అమ్మ ఉన్నంతకాలం చెప్పకూడదనుకున్నాను. అమ్మ పోయి నాలుగేళ్ళయింది.

నీకప్పుడు ఏడేళ్ళు. ఆగస్టు ప్రార్థన కూటాల ఆఖరి ఆదివారం. ప్రసంగం అయ్యాక పిల్లలందర్నీ బయటికి పంపారు. నువ్వూ పోయావు. అప్పుడు డీకన్ పూల్ లేచి, "ట్రెస్సీ గేలార్డ్, ముందుకు రా," అన్నాడు.

అక్క లేచి వెళ్ళింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. అప్పటికి కడుపు కనిపిస్తోంది. "నీ పాపం సంఘం ముందు ఒప్పుకుని క్షమాపణ అడుగు," అన్నాడు. ఒక్కొక్కరుగా ఆడవాళ్ళు లేచి తాము ఏం చూశారో, ఎప్పుడు చూశారో చెప్పారు, పంచాయతీలో దొంగతనం చెప్పినట్టు. అమ్మ తల ఎత్తలేదు. ఒక్కరైనా, ఒక్కరంటే ఒక్కరు, ఎవరి బిడ్డ అని అడగలేదు. అడగక్కర్లేదు, అందరికీ తెలుసు. పూల్ కొడుకు వెర్జిల్ పాటగుంపులో వెనక వరసలో కూర్చుని పాటల పుస్తకం తిరగేస్తున్నాడు.

నేను లేచి వాడి పేరు అరిచాను. సగం అరిచేలోపల ఇద్దరు నా రెక్కలు పట్టుకుని వెనక తలుపులోంచి లాక్కుపోయి బావి దగ్గర కూలేశారు. లోపల తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు. కాసేపటికి పాట వినిపించింది. వెర్జిల్ గొంతు దాంట్లో ఉంది, మంద్రంగా, హాయిగా. ఇప్పటికీ ఆ పాట రేడియోలో వస్తే కట్టేస్తాను.

అక్కని సంఘంనుంచి వెలివేశారు. ఆ వారంలోనే నేను ఆమెను తీసుకుని ఊరు వదిలాను. నర్సు పని నేర్చుకోడానికి బర్మింగ్‌హామ్ పోయిందని అమ్మ చెప్పింది. తర్వాత జ్వరమని చెప్పింది.

గ్యాలరీ అంటే నీకు అసహ్యం. నాకూ అసహ్యమే. కాని తెల్లవాళ్ళు మనల్ని పైకెక్కించి కూర్చోబెట్టింది, మనవాళ్ళు ట్రెస్సీని కింద నిలబెట్టింది ఆ ఒక్క కప్పు కిందే. ఎఫ్రాయిమ్ దూలాలు రెంటినీ మోశాయి. నేను ఆ రెంటినీ వేరుచేసి చూడలేను.

అక్క జ్వరంతో పోలేదు. అంతకంటే చెప్పను. మాట ఇచ్చాను.

లెమ్యూల్

*

టాలిస్ బ్లఫ్
సెప్టెంబరు 2, 1974

అన్నయ్యా,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాద్దామని కూర్చుంటే నేను పనిచేసే బడి వంటశాలలో వండిన బీన్సు వాసన వేళ్ళకి పట్టుకున్నట్టు ఏదో పట్టుకుని వదిలేది కాదు.

నీ ఉత్తరం అందిన మర్నాడే డీకన్ పూల్ ఇంటికి వెళ్ళాను. వసారాలో ఊగే కుర్చీలో ఉన్నాడు. "మా ట్రెస్సీ అక్కని నిలబెట్టింది నువ్వేనా?" అన్నాను.

"ఆ రోజులు వేరమ్మా. సంఘమన్నాక ఒక కట్టుబాటుండాలి," అన్నాడు.

"మీ వెర్జిల్‌కి లేదా కట్టుబాటు?"

"ఆడు పోయాడు కదమ్మా. పోయినోళ్ళ గురించి దేనికి?" అని నాకు పిప్పరమెంటు బిళ్ళ ఇవ్వబోయాడు. ఆ చేత్తోనే ప్రతి నెలా నాకు ప్రభువు రొట్టె అందించాడు. ఇంటికొచ్చి నోరు కడుక్కున్నాను. ఎంత కడిగినా చాలలేదు.

నేను అన్నేళ్ళు పాటగుంపులో నిలబడి పాడిన చోటే ఆ వెర్జిల్ కూర్చున్నాడు కదా? ఆ బల్ల మెత్తగా ఉంటుందని నేనే పోట్లాడి తీసుకున్నాను.

భవనం విప్పుతున్నారు. పలకలన్నిటిమీదా సున్నంతో అంకెలు. కప్పు తీసేశాక దూలాలు ఆకాశంలో నిలబడి, మాంసం తినేసిన చేప ముల్లులా కనిపించాయి. గోడమీద మన ఓటిస్ బాబాయి వేసిన యొర్దాను నది బొమ్మ పలకలతోపాటు ముక్కలు ముక్కలుగా లారీ ఎక్కింది. ఏడుద్దామని వెళ్ళాను. ఏడుపు రాలేదు. ఆ యూలలీ ఎండకి గొడుగేసుకుని నిలబడి, "జాగ్రత్త, జాగ్రత్త, పవిత్రమైన కలప," అంటోంది. పవిత్రమట!

ఒక్కటి అడుగుతాను. జ్వరంతో పోలేదన్నావు. నువ్వు తీసుకుపోయానన్నా, అక్క బర్మింగ్‌హామ్ చేరిందని నాకు నమ్మకం పోయింది. నదిలోనా? మన రేవు దగ్గరేనా? నేను రోజూ ఆ దారినే పనికి పోతున్నాను. ఆ నీళ్ళవైపు చూడలేకపోతున్నాను. చెప్పు.

డెల్ఫీన్

*

డెట్రాయిట్
సెప్టెంబరు 15, 1974

చెల్లీ,

నదిలో కాదు. రేవు దారిలో నిశ్చింతగా నడువు. ఇంకేమీ అడగవద్దు. నన్ను నమ్ము.

మోకాలు కోయాలంటున్నారు. ఆలోచిస్తున్నాను.

లెమ్యూల్

*

టాలిస్ బ్లఫ్
ఏప్రిల్ 14, 1975

అన్నయ్యా,

నదిలో కాదన్నావు, మరెక్కడో చెప్పలేదు. నోరు విప్పి చెప్పలేనంత ఘోరమేదో జరిగిందని అర్థమైంది. అందుకే ఆపైన అడగలేదు. ఇప్పుడూ అడగడంలేదు. నేను చేసిన పని చెప్పడానికి రాస్తున్నాను. ఇంకెవరి నోటో వినేకంటే నా నోట వినడం మంచిది.

మొన్న శనివారం ఆష్‌బోరోలో సెయింట్ బార్నబస్ ప్రారంభం. మన పాటగుంపు పాడాలని యూలలీ అడిగింది, పాస్టరు గారు ఒప్పుకున్నారు. బస్సు దిగగానే ఒక పెట్టె తెచ్చి ముందు పెట్టారు. అందులో తలగుడ్డలు, ముతక గౌన్లు. అవి కట్టుకుని గ్యాలరీలోకెక్కి పాడాలట. "అప్పటి వాతావరణం కోసం," అన్నారు పాస్టరు గారు, చూపు చెట్టుమీద పెట్టి. వాళ్ళు కట్టుకున్నారు అన్నయ్యా! నవ్వుకుంటూ ఒకరికొకరు ముడులు వేసుకున్నారు. నేను గుడ్డని పెట్టెలో పడేసి, కింద తలుపులోంచి లోపలికి పోయి మూడో వరసలో కూర్చున్నాను. పక్క తెల్లావిడ చేతిసంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

భవనం గుర్తు పట్టలేదు. అంతా తెల్ల సున్నం. యొర్దాను లేదు. తొట్టి పూడ్చేసి పలకలు బిగించారు. వెనక కొత్త గ్యాలరీ, పచ్చి చెక్క వాసన కొడుతూ. తెల్ల పావురంలాంటి బిషప్పు ఒకాయన లేచి ఎపిస్కోపల్ ప్రార్థన చదివాడు. ఆయన మంచివాడేనేమో, నాకు తెలియదు. ఆ తర్వాత పెద్ద కుచ్చిళ్ళ గౌను వేసుకున్న ఒక అమ్మాయి చరిత్ర చెప్పింది. కల్నల్, స్టీమరు, పట్టు గౌన్లు. "అటుపైన ఈ ఆలయంలో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు," అంది.

నేను లేచాను. లేవాలని అనుకోలేదు. కాళ్ళే లేచాయి.

"జరిగింది," అన్నాను.

పల్పిట్ ముందుకి నడిచి వెళ్ళి అక్కడ నిలబడ్డాను. "నా పేరు డెల్ఫీన్ గేలార్డ్ హోబ్స్. ఈ భవనం కట్టింది మా ముత్తాత ఎఫ్రాయిమ్. మేకలు పాడుచేసిన నేల కడిగింది మా అమ్మ. ఇదిగో ఈ చోట, నేను నిలబడ్డ ఈ చోట, మా అక్క ట్రెస్సీని నిలబెట్టారు. కడుపుతో ఉంది. తెల్లవాళ్ళు కాదు, మావాళ్ళే నిలబెట్టారు. తలొంచుకుని వెక్కివెక్కి ఏడుస్తుంటే ఒక్కరు దగ్గరికి రాలేదు. కారణమైనవాడు కూర్చుని పాట పాడాడు. ఆ పిల్ల మళ్ళీ ఇంటికి రాలేదు. ఇది రాసుకోండి మీ పుస్తకంలో. గ్యాలరీ కట్టారు, బాగుంది. దీన్ని ఎక్కడ కడతారు?"

పైనుంచి తలగుడ్డలన్నీ కిందికి చూస్తున్నాయి. పాస్టరు గారు మొహం తుడుచుకుంటున్నారు. నేను బయటికొచ్చి గడ్డిలో నిలబడ్డాను.

యూలలీ నా వెనకే పరిగెత్తుకొచ్చింది. తిడుతుందనుకున్నాను. రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు. "అబ్బ, ఎంత కదిలించేశావమ్మాయ్! శనివారాలు వచ్చి ఇలాగే చెప్తావా? ఆ పిల్ల వేసుకున్నలాంటి గౌనొకటి కుట్టిస్తాం," అంది.

నేను ఆవిడ చేతులు విదిలించుకున్న విధానం చూసి ఆవిడ డ్రైవరు కారు దిగాడు. అన్నయ్యా, ఆవిడ తిట్టి ఉంటే సంతోషించేదాన్ని.

తిరుగు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. దిగేటప్పుడు డీకన్ పూల్ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. "బిడ్డ బతికిందా?" అన్నాడు మెల్లగా.

ఆ ఒక్కమాటే. అతనికి మనవలు లేరని అప్పుడు గుర్తొచ్చింది. "నాకు తెలీదు. తెలిసినా నీకు చెప్పను," అన్నాను. తల ఊపాడు. జాలి పడాలేమో. పడలేకపోయాను.

ఇంక నేను ఆ ఇటుకల చర్చికి పోవడం లేదు. ఆదివారాలు ఇంట్లోనే కూర్చుని బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాను.

డెల్ఫీన్

*

డెట్రాయిట్
మే 4, 1975

డెల్ఫీన్,

ఈ చేతిరాత నీకు తెలియదు. నేను ట్రెస్సీని. జ్వరంతో పోలేదు, నదిలో పోలేదు, నువ్వు ఊహించిన ఘోరాలేవీ జరగలేదు. లెమ్యూల్ ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంటాను. బట్టలు కుడతాను. ఆదివారాలు వాడికి అన్నం పెట్టేది నేనే. ఆ తైలం రాయకపోతే తిట్టేదీ నేనే.

నన్ను చచ్చిపోయినట్టు చెప్పమన్నది నేనే. ఆ ఊరి నోళ్ళలో నా పేరు నలగడం కంటే చావే శుభ్రంగా అనిపించింది. అమ్మకి నిజం తెలుసు. లెమ్యూల్ పంపే క్రిస్మస్ పెట్టెలో నేను కుట్టిందేదో ఒకటి ఉండేది. నీ పసుపు గౌను, పెళ్ళినాటి చేతిసంచీ నావే. అమ్మ ఆ కుట్టు చూసుకునేది. నీకు చెప్పకపోవడం అమ్మ తప్పు కాదు, వాడి తప్పూ కాదు. నాకు పౌరుషం ఎక్కువ. ఏళ్ళు గడిచినకొద్దీ అది విప్పడం తెలియలేదు.

లెమ్యూల్ నీ ఉత్తరం తెచ్చి నా కుట్టుమిషను మీద పెట్టి, "ఇంక నావల్ల కాదు," అని వెళ్ళిపోయాడు. చదివాను. చదివి చాలాసేపు కోపంతో ఊగిపోయాను. ఎవరిమీదనుకున్నావు? నీమీదే.

వెక్కివెక్కి ఏడ్చానని ఎవరు చెప్పారు నీకు? తలొంచుకున్నానని ఎవరు చెప్పారు? బిషప్పు ముందు, ఆ లాండ్రమ్ ముందు, ఊరందరి ముందు నన్ను ఏడిపిస్తావా? ఇప్పుడు వాళ్ళు ఒక పిల్లకి గౌను కుట్టించి శనివారం శనివారం ఏడిపిస్తారు, చూస్తూ ఉండు.

జరిగింది నేను చెప్తాను. లెమ్యూల్‌ని బయటికి ఈడ్చుకుపోయారు, వాడికి తెలియదు. నాకు ఆకలిగా ఉంది. చర్చిలో వాంతి చేసుకుంటానని అమ్మ పొద్దున్నించి ఏమీ తిననివ్వలేదు. పూల్ పాపం, నరకం అంటుంటే బయట చెట్ల కింద బుట్టల్లోంచి వేయించిన కోడి వాసన వస్తోంది. నా ధ్యాసంతా దానిమీదే. క్షమాపణ అడగమన్నాడు. "ఒక్కదాన్నే అడగాలా?" అన్నాను. బయట నిలబడు, మేం మాట్లాడుకుంటాం అన్నాడు.

బయటికొచ్చాను. మెట్లమీద నువ్వు కూర్చుని ఉన్నావు, మోకాళ్ళనిండా మట్టి. పొద్దున్నించి నాతో మాట్లాడిన మొదటి మనిషివి నువ్వే. "అక్కా, లోపల అయిపోయిందా? ఇంక తినొచ్చా?" అన్నావు.

నాకు నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు, మెట్లమీద కూలబడి, పొట్ట పట్టుకుని, కిటికీల అద్దాలదాకా వినపడేలా నవ్వాను. లోపల మాటలు ఆగిపోయాయి. క్షమించి ఉంచుదామా అని అప్పటిదాకా సగంమంది అంటున్నారట. ఆ నవ్వు విని, ఈ పిల్లకి సిగ్గు లేదు, పశ్చాత్తాపం లేదు అని చేతులెత్తి వెలివేశారు.

ఇది చదివి అది నీవల్లేనని ఏడుపు మొదలుపెట్టావో, నేను టాలిస్ బ్లఫ్‌కి వచ్చి మరీ నిన్ను కొడతాను. నన్ను ఉంచుకుని ఉంటే ఏమయ్యేదాన్ని? వెర్జిల్ పాట వింటూ వాడి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని వెనక బల్లమీద కూర్చునేదాన్ని. నా కూతురు ఇక్కడ హైస్కూల్లో లెక్కలు చెప్తుంది. దాని గొంతు అస్సలు బాగుండదు, దేవుడి దయ. పూల్‌కి ఏం చెప్పాలో నీ ఇష్టం. నేనైతే ఏమీ చెప్పను.

బడి సెలవులివ్వగానే బస్సెక్కి రా. రాకుండా సాకులు చెప్పకు. లెమ్యూల్ కుంటుకుంటూ ఆలస్యంగా వస్తాడు, నేను ముందే బస్టాండుకి వచ్చి నిలబడతాను. లావయ్యాను, జుట్టు తెల్లబడింది, నన్ను చూసి గుర్తుపట్టలేవు. గట్టిగా నవ్వుతాను. ఆ నవ్వు విని రా.

నీ అక్క,
ట్రెస్సీ